ఎక్స్‌వై లైను వెనక మనిషి

మొదటి సంవత్సరం నుంచి నాకు మిగిలిన ఒకే ఒక్క బ్యాక్‌లాగ్ ఇంజనీరింగ్ డ్రాయింగ్. సీ ప్రోగ్రామింగ్ గట్టెక్కింది, మ్యాథ్స్ గట్టెక్కింది, ఇది మాత్రం పోయింది. సీఎస్ఈ వాడికి డ్రాయింగ్ పోవడం పెద్ద అవమానమేం కాదని సీనియర్లు ఓదార్చారు. వాళ్ళలో చాలామందికి అదే పోయింది మరి. ఒక చేత్తో మినీ డ్రాఫ్టర్, ఇంకో చేత్తో చుట్టిన షీట్ల గొట్టం పట్టుకుని కాలేజీ బస్సులో వేలాడుతూ వచ్చిన రోజుల్లో, రేపు కోడ్ రాసి బతికేవాడికి ఈ గీతల గొడవ ఎందుకురా అని నేనూ తిట్టుకున్నవాణ్ణే.

నన్ను ముంచిన ప్రశ్న ఇంకా గుర్తుంది. 30 మిల్లీమీటర్ల భుజం ఉన్న షడ్భుజి పలక. (షడ్భుజి అన్న మాట ఈ వ్యాసం కోసమే నేర్చుకున్నాను, నాకది ఎప్పుడూ హెక్సాగనే.) అది ఒక భుజాన్ని హెచ్‌పీ మీద ఆనించి వాలి ఉంది. దాని తలం హెచ్‌పీతో 45 డిగ్రీలు, ఆ భుజం వీపీతో 30 డిగ్రీలు. ప్రొజెక్షన్లు గీయండి. నేను 45 వెయ్యాల్సిన చోట 30, 30 వెయ్యాల్సిన చోట 45 వేశాను. పైగా పలక వాలిన తర్వాత కూడా టాప్ వ్యూలో నిండు హెక్సాగన్నే మళ్ళీ దించాను. షీటు మాత్రం చాలా నీటుగా ఉంది. మార్కులు రాలేదు.

సప్లీ దగ్గర పడుతుంటే హాస్టల్లో పక్క రూము వాణ్ణి పట్టుకున్నాను. వాడు మెకానికల్, లేటరల్ ఎంట్రీ. అంటే పదో తరగతి అవగానే పాలిసెట్ రాసి, మూడేళ్ళు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి సరాసరి సెకండియర్‌లో మాతో కలిసినవాడు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వాళ్ళు వచ్చిన కొత్తలో మేం వాళ్ళని పేర్లతో కాకుండా లేటరల్స్ అని పిలిచేవాళ్ళం. చిన్నప్పట్నుంచి ఇంగ్లిష్ మీడియం, ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్ అన్న దారిలో వచ్చిన మాకు, వాళ్ళు పక్క గేటులోంచి వచ్చినట్టు అనిపించేది. ఎందుకనిపించిందో అడిగితే మా దగ్గర జవాబు లేదు.

వాడు పెన్సిల్ ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు. నా లాంగ్ నోట్‌బుక్ తెరిచి, ఒక పేజీ బల్ల మీద పరిచి, రెండో పేజీని గోడకి ఆనించి నిలబెట్టాడు. పరిచింది హెచ్‌పీ, నిలబడ్డది వీపీ. మధ్యలో నా ఐడీ కార్డు పట్టుకుని పైనుంచి చూస్తే కింది పేజీ మీద ఏ ఆకారం పడుతుంది, ఎదురుగా చూస్తే నిలువు పేజీ మీద ఏ ఆకారం పడుతుంది అని అడిగాడు. చెప్పాను. తర్వాత నిలబడ్డ పేజీని మెల్లగా వెనక్కి పడుకోబెట్టాడు. రెండు బొమ్మలూ ఒకే కాగితం మీదకి వచ్చేశాయి, ఫ్రంట్ వ్యూ పైన, టాప్ వ్యూ కింద. మధ్యలో పుస్తకం మడత. ఆ మడతే ఎక్స్‌వై లైను. ఏడాది పాటు స్కేలుతో గీసిన గీత మడత అని నాకు ఆ రాత్రి దాకా తెలీదు.

ఈ మడత ఆలోచన ఎవడికి వచ్చిందిరా అని అడిగితే, వాడికీ తెలీదు. నేను వెతికాను. గాస్పార్ మోంజ్ అనే ఫ్రెంచి ఆయన దగ్గర ఆగాను. చదువుతూ పోతే సప్లీ సంగతి కాసేపు మర్చిపోయాను.

మోంజ్ 1746 మే నెలలో ఫ్రాన్స్‌లోని బోన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. బర్గండీ ప్రాంతం, ద్రాక్షసారాకి పేరున్న చోటు. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే చిరువ్యాపారి. కత్తులకి సానపట్టేవాడని కూడా కొందరు రాశారు. అలాంటి ఇంట్లో పిల్లల్ని చదివించాలన్న పట్టుదల ఉండటం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. మోంజ్ ముందు ఊళ్ళోనే, మతగురువులు నడిపే బడిలో చదివాడు. పద్నాలుగేళ్ళకే ఏ నమూనా చూడకుండా మంటలార్పే పంపు ఒకటి తయారుచేశాడని చెబుతారు. పదహారేళ్ళకి లియోన్ పంపిస్తే, ఏడాది తిరక్కుండానే అక్కడ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే పని అతనికే అప్పగించారు. మనం ఇంటర్ ఫస్టియర్‌లో ఉండే వయసది.

1764లో సెలవులకి ఇంటికొచ్చి తన ఊరి మ్యాపు గీశాడు. కొలిచే పరికరాలు కూడా తనే తయారు చేసుకున్నాడు. పెద్ద స్కేలులో, వీధి వీధినీ కొలిచి వేసిన మ్యాపు. అది సైన్యంలో ఇంజనీరుగా ఉన్న ఒక అధికారి కంటపడింది. ఆయన ఈ కుర్రాణ్ణి మెజియేర్‌లో ఉన్న రాజుగారి మిలిటరీ ఇంజనీరింగ్ స్కూలుకి సిఫారసు చేశాడు. దేశంలోకెల్లా పేరున్న ఇంజనీరింగ్ స్కూలు అదే.

వెళ్ళాక తెలిసింది, అక్కడ రెండు గేట్లున్నాయని. ఆఫీసరు చదువు కావాలంటే కులీనుల ఇంట పుట్టి ఉండాలి, అందుకు కాగితాలు చూపించాలి. సరుకులమ్ముకునే వాడి కొడుక్కి ఆ కాగితాలు ఎక్కడివి? అందుకని అతన్ని స్కూలుకి అనుబంధంగా ఉన్న ఇంకో విభాగంలో వేశారు. అక్కడ మ్యాపులు నకళ్ళు తియ్యడం, కోటల నమూనాలు ప్లాస్టరుతో పోత పొయ్యడం నేర్పేవాళ్ళు. దాన్ని అందరూ గాష్ అని పిలిచేవాళ్ళు. ఫ్రెంచిలో అది ప్లాస్టరు కలపడానికి సంబంధించిన మాట. మన భాషలో చెప్పాలంటే మాలు కలిపే క్లాసు అన్నమాట. తెలివిని బట్టి కాదు, పుట్టుకని బట్టి పెట్టిన సెక్షన్ అది. అతని బొమ్మలు అందరికీ నచ్చేవి. కానీ అతని బుర్రతో ఎవరికీ పనిలేదు. తన చేతి నైపుణ్యాన్ని మాత్రమే మెచ్చుకుంటున్నారని అతనికి మండిపోయేదట.

అప్పుడు ఒక లెక్క వచ్చింది. లెక్క అనడం కంటే కోట సమస్య అనాలి. ఒక కోట కట్టాలి, చుట్టూ గుట్టలున్నాయి. శత్రువు ఏ గుట్ట ఎక్కి ఫిరంగి పెట్టినా లోపలున్న సైనికులు అతనికి కనిపించకూడదు, గుండు నేరుగా తగలకూడదు. అలాగని గోడలు అక్కర్లేనంత ఎత్తు కడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి ఎక్కడ ఎంత ఎత్తు చాలో కచ్చితంగా తేలాలి. అప్పటిదాకా దీన్ని అంకెలతో చేసేవాళ్ళు. ఒక్కో చోటు నుంచి ఒక్కో గుట్టకి చూపు ఎలా పోతుందో కొలతలు తీసుకుని, పేజీలకి పేజీలు గుణించి, భాగించి, తప్పొస్తే మళ్ళీ మొదట్నుంచి.

మోంజ్ లెక్కలు మానేసి బొమ్మ గీశాడు. చూపు పోయే గీతల్నీ, గుట్టల్ని తాకుతూ వెళ్ళే తలాన్నీ కాగితం మీదే కట్టి, కావలసిన ఎత్తుని డివైడర్‌తో కొలుచుకున్నాడు. చాలా తొందరగా అయిపోయింది. తీసుకెళ్ళి ఇస్తే పై అధికారి చూడనన్నాడు. అంత తొందరగా ఆ లెక్క పూర్తవడం అసాధ్యం, కాబట్టి ఇది తప్పే, తప్పు కాగితాన్ని సరిచూసే ఓపిక నాకు లేదు అని ఆయన వాదన. మోంజ్ పట్టుబట్టాడు. జవాబు చూడద్దు, దారి చూడమన్నాడు. చివరికి చూశారు. తప్పు పట్టడానికేం దొరకలేదు.

ఆ దారి ఏమిటో కొంచెం చెప్తాను, ఎందుకంటే మన సిలబస్ అంతా అదే. గదిలో ఏదో ఒక బిందువు తీసుకోండి. దాని చోటు చెప్పాలంటే మూడు అంకెలు కావాలి, సీఎస్ఈ వాళ్ళం కాబట్టి ఎక్స్, వై, జెడ్ అనుకుందాం. కాగితానికి రెండే దిక్కులున్నాయి, మూడో అంకె ఎక్కడ పెట్టాలి? అందుకని బిందువుని రెండుసార్లు గీస్తాం. పైనుంచి చూసి గీసినప్పుడు జెడ్ పోతుంది, ఎక్స్, వై మిగులుతాయి. ఎదురుగా చూసి గీసినప్పుడు వై పోతుంది, ఎక్స్, జెడ్ మిగులుతాయి. రెంటిలోనూ ఎక్స్ ఉంది. అందుకే టాప్ వ్యూలో బిందువు, ఫ్రంట్ వ్యూలో అదే బిందువు ఒకే నిలువు గీత మీద ఉండాలి. మనం సన్నగా గీసి రబ్బరుతో చెరిపేసే ఆ ప్రొజెక్టర్ గీత పని అదే, ఇద్దరి దగ్గరా ఉన్న ఎక్స్ ఒకటేనని చూపించడం. ఈ రెండు బొమ్మలూ చేతిలో ఉంటే వస్తువు చేతిలో ఉన్నట్టే. కనపడని పొడవుని, కోణాన్ని, రెండు తలాలు కోసుకునే గీతని స్కేలు పెట్టి కనుక్కోవచ్చు.

రెండు వైపుల నుంచి బొమ్మ గీయడం మోంజ్ కనిపెట్టాడని కాదు. రాతి కమానులు కట్టే తాపీవాళ్ళకీ, పైకప్పులు కట్టే వడ్రంగులకీ ఆ ఒడుపు ఎప్పట్నుంచో తెలుసు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ మనిషి తలని, పాదాన్ని అలా గీశాడు. కాకపోతే వాళ్ళకి ఒక్కో పనికి ఒక్కో ఒడుపు, అది తాత నుంచి మనవడికి వచ్చేది. మోంజ్ చేసిందల్లా బిందువు, గీత, తలం అని మొదలుపెట్టి, ఏ వస్తువుకైనా పనికొచ్చే ఒకే పద్ధతి కట్టడం. నాకు ఇందులో నచ్చిన సంగతేమిటంటే, మాలు కలిపే క్లాసులో కూర్చోబెట్టడం వల్లే ఆ ఒడుపులన్నీ అతని చేతికొచ్చాయి. ముందు గేటులోంచి వెళ్ళినవాళ్ళకి కొలతలు తీసే పని కింది వాళ్ళది.

పలకకి తిరిగొద్దాం. మొదట దాన్ని హెచ్‌పీ మీద పూర్తిగా పడుకోబెట్టాలి, ఆనే భుజం ఎక్స్‌వైకి లంబంగా ఉండేలా. టాప్ వ్యూలో నిండు హెక్సాగన్, ఫ్రంట్ వ్యూలో 52 మిల్లీమీటర్ల గీత. ఇప్పుడు ఆ గీతని 45 డిగ్రీలు లేపాలి. పలక ఒక భుజం మీద తలుపులా లేస్తోంది కాబట్టి వీపీ నుంచి ఏ మూల దూరమూ మారదు, 60 అలాగే ఉంటుంది. ఇటువైపు మాత్రం 52 కాస్తా దాదాపు 37కి కుంచించుకుపోతుంది. హెక్సాగన్ నలిగినట్టవుతుంది. నేను నలగనివ్వలేదు, అక్కడే పోయింది. మూడోది, ఆ నలిగిన బొమ్మని అలాగే ఎత్తి, భుజం ఎక్స్‌వైతో 30 డిగ్రీలు ఉండేలా తిప్పి పెట్టాలి. ఇప్పుడు పలక బొంగరంలా నిలువు ఇరుసు చుట్టూ తిరిగింది కాబట్టి ఏ మూల ఎత్తూ మారదు. ఆనిన భుజం సున్నా, మధ్య మూలలు 18 పైచిలుకు, అవతలి భుజం దాదాపు 37. ఆ ఎత్తులు పట్టుకుని కొత్త ఫ్రంట్ వ్యూ గీసుకోవడమే. ఒక్కో మెట్టులో ఒక్క మలుపు, మలుపులో ఏది మారదో అది పట్టుకోవడం. ఇంతే ఉంది. ఇంతే అని ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

మెజియేర్‌లో కూడా ఎవరికీ చెప్పలేదు. కోట గుట్టు కాబట్టి ఆ పద్ధతిని సైనిక రహస్యం చేశారు. స్కూల్లో ఉన్న ఆఫీసర్లకి నేర్పచ్చు, బయటివాళ్ళకి చెప్పకూడదు, అచ్చు వెయ్యకూడదు. మోంజ్‌ని టీచరుగా తీసుకున్నారు. 1769లో లెక్కల పీఠం, ఆ తర్వాత ఫిజిక్స్ కూడా అతనికే వచ్చింది. అతను చదువుకోవడానికి పనికిరాడన్న క్లాసుకి అతనే మేస్టారు అయ్యాడు. ఇక్కడినుంచి అతన్ని ఆయన అనడం మర్యాద. కానీ ఆయన కనిపెట్టింది ఇరవై ఏళ్ళకి పైగా తాళం వెనక ఉండిపోయింది. 1780లో పారిస్ సైన్స్ అకాడమీలోకి తీసుకున్నారు, 1783లో బెజూ చనిపోతే నౌకాదళం పరీక్షలు నిర్వహించే ఉద్యోగం ఇచ్చారు. అదే కాలంలో నీరు రెండు వాయువుల కలయిక అని సొంతంగా ప్రయోగం చేశారు, లావోయిజర్, కావెండిష్ చేస్తున్న రోజుల్లోనే. 1777లో కేథరిన్ అనే యువ వితంతువుని పెళ్ళాడారు. పెళ్ళికి ముందు, ఒక విందులో ఎవడో ఆమె గురించి వాగుతుంటే, అప్పటికి ఆమెతో పరిచయం కూడా లేని మోంజ్ వాణ్ణి కొట్టారని ఒక కథ ఉంది.

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. మోంజ్ ఎటు నిలబడతారో చెప్పక్కర్లేదు. 1792 ఆగస్టులో నౌకాదళ మంత్రి అయ్యారు. రాజుకి మరణశిక్ష అమలు చేసిన మంత్రివర్గంలో ఆయనా ఉన్నారు. ఎనిమిది నెలలకి రాజీనామా చేశారు. మంత్రిగా ఆయన పెద్దగా రాణించలేదు. పనిముట్లు చేతికిచ్చాక వెలిగారు. చుట్టూ దేశాలు దండెత్తాయి, బయటినుంచి సురేకారం రావడం ఆగిపోయింది, అది లేకుండా తుపాకి మందు లేదు. ఇళ్ళ నేలమాళిగల్లో, పశువుల కొట్టాల్లో మట్టి గీకి, నీళ్ళతో కడిగి సురేకారం తీయించారు. చర్చి గంటలు కరిగించి ఫిరంగులు పోయించారు. ఫిరంగి ఎలా పోయాలో వర్క్‌షాపు పనివాళ్ళకి అర్థమయ్యేలా బొమ్మలతో ఒక పుస్తకం రాశారు.

రహస్యం తాళం తెరుచుకున్నది ఈ గందరగోళంలోనే. 1795లో, దేశం నలుమూలల నుంచీ వచ్చిన వెయ్యిమందికి పైగా కాబోయే టీచర్ల ముందు నిలబడి మోంజ్ తన పద్ధతిని మొదటిసారి బాహాటంగా చెప్పారు. అదే స్కూల్లో పక్క క్లాసులు లగ్రాంజ్, లాప్లాస్‌లవి. విద్యార్థుల్లో ఒకడు ఫోరియర్. అవును, మనకి మ్యాథ్స్‌లో సిరీస్ పెట్టిన ఫోరియరే. పాఠాల్ని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే మనుషుల్ని కూర్చోబెట్టి, రాసింది రాసినట్టు అచ్చు వేశారు. 1799లో అది పుస్తకంగా వచ్చింది. పేరు డిస్క్రిప్టివ్ జామెట్రీ.

1794లో మొదలైన ఇంకో స్కూలుని మరుసటి ఏడాది నుంచి ఎకోల్ పాలిటెక్నిక్ అన్నారు. దాన్ని నిలబెట్టినవాళ్ళలో మోంజ్ ముఖ్యుడు. పుట్టుక కాగితాలు అడగలేదు. ఊరూరా పరీక్ష పెట్టి, మార్కులు చూసి సుమారు 400 మందిని తీసుకున్నారు, పైగా ఖర్చులకి డబ్బిచ్చారు. డ్రాయింగ్‌కి టైంటేబుల్లో పెద్ద పీట. మన ఊళ్ళలో బస్సు కండక్టరు స్టాపు పేరుగా అరిచే పాలిటెక్నిక్ అన్న మాట ఆ స్కూలు పేరులోంచి ప్రపంచమంతా పాకిందే. ఈ సంగతి చెప్తే పక్క రూము వాడు చాలాసేపు నవ్వాడు. నేను లేటరల్ అన్న మాట వాడటం ఆపేశాను, ఇప్పటిదాకా వాడితో ఆ విషయం మాట్లాడలేదు.

ఇక్కడ ఆగిపోతే మోంజ్ దేవుడైపోతాడు. కానీ ఆయన జీవితంలో తర్వాత నెపోలియన్ వచ్చాడు. 1796లో గెలిచిన ఇటలీ నుంచి ఏ చిత్రాలు, ఏ శిల్పాలు, ఏ రాతప్రతులు పారిస్‌కి తరలించాలో ఎంచే బృందంలో మోంజ్‌ని పంపారు. కళని కాపాడుతున్నామని వాళ్ళు చెప్పుకున్నారు. మన కోహినూర్ సంగతి తెలిసినవాళ్ళకి అది ఎలాంటి మాటో తెలుసు. అక్కడే ఆ యువ సేనానికీ, యాభై ఏళ్ళ మోంజ్‌కీ స్నేహం కుదిరింది. స్నేహం అనాలో, మోజు అనాలో. 1798లో ఈజిప్టు దండయాత్రకి కూడా వెళ్ళారు. కైరోలో పెట్టిన పరిశోధన సంస్థకి మోంజ్ అధ్యక్షుడు, నెపోలియన్ ఉపాధ్యక్షుడు. దాహంతో నడుస్తున్న సైనికులకి ఎడారిలో దూరంగా నీళ్ళు కనిపించి, దగ్గరికెళ్తే మాయమవుతుంటే, వేడెక్కిన ఇసుకని ఆనుకున్న గాలి పొర వెలుగుని ఎలా వంచుతుందో వివరించింది ఆయనే. మన ఎండమావి. 1799లో నెపోలియన్ సైన్యాన్ని అక్కడే వదిలి గుట్టుగా ఫ్రాన్స్‌కి ఓడెక్కితే, మోంజ్ కూడా ఆ ఓడెక్కారు. తోటి శాస్త్రవేత్తలు చాలామంది అక్కడే చిక్కుకుపోయారు. ఇది నాకు మింగుడుపడలేదు.

పుట్టుక మీద నడిచే స్కూల్ని అసహ్యించుకున్న మనిషి నెపోలియన్ చక్రవర్తి అయ్యాక 1808లో కౌంట్ బిరుదు తీసుకున్నాడు. అది కూడా నిజమే. అయితే అదే చక్రవర్తి పాలిటెక్నిక్‌ని సైనిక బారకాసులా మార్చి, ఫీజులు పెట్టినప్పుడు ఎదురుచెప్పినవాళ్ళలో మోంజ్ ఉన్నారు. తన జీతాన్ని పేద విద్యార్థుల ఫీజులకి ఇచ్చేవారని చెబుతారు. కుర్రాళ్ళు చక్రవర్తిని ఎదిరిస్తున్నారని నెపోలియన్ నిలదీస్తే, వాళ్ళని రిపబ్లిక్ మనుషులుగా తయారుచేయడానికే మాకు చాలా కష్టమైంది, ఇప్పుడు ఇంత తొందరగా మారమంటే ఎలా అన్నట్టుగా జవాబిచ్చారన్నది ప్రసిద్ధమైన కథ. మోంజ్ మాత్రం మారారు. కుర్రాళ్ళ తరఫున మాట్లాడటం మానలేదు. ఒకే మనిషిని టాప్ వ్యూలో చూస్తే ఒకలా, ఫ్రంట్ వ్యూలో చూస్తే ఇంకోలా ఉన్నాడు, నేను ఏదీ చెరపదల్చుకోలేదు.

1809లో కీళ్ళనొప్పులతో చేతులు పట్టు తప్పి పాఠాలు ఆపేశారు. పాఠం చెప్తున్నప్పుడు తలాలూ ఉపరితలాలూ గాల్లో చేతులతోనే కట్టి చూపించేవారని శిష్యులు రాసుకున్నారు. అలాంటి మనిషికి పోయింది చేతులే. ఆ చివరి బ్యాచుల్లో పోంస్లే అని ఒకడున్నాడు. 1812లో రష్యా యుద్ధంలో పట్టుబడి, వోల్గా ఒడ్డున సరాతోవ్‌లో ఖైదీగా ఉండి, ఒక్క పుస్తకం కూడా లేకుండా మోంజ్ క్లాసుల్లో విన్నది గుర్తుచేసుకుంటూ కొత్త జామెట్రీ కట్టాడు. ప్రొజెక్టివ్ జామెట్రీ. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎలెక్టివ్ తీసుకుంటే అందులో మళ్ళీ అదే ఎదురవుతుంది.

1815లో నెపోలియన్ ఓడిపోయాడు, రాజవంశం తిరిగొచ్చింది. 1816 మార్చిలో అకాడమీ కొత్త జాబితా వేసి మోంజ్ పేరు తీసేశారు. మరుసటి నెలలో పాలిటెక్నిక్ విద్యార్థుల్ని ఇళ్ళకి పంపేశారు, బడి తెరవడానికి మరుసటి ఏడు దాకా పట్టింది. 1818 జులై 28న, డెబ్బై రెండేళ్ళ వయసులో, మోంజ్ పారిస్‌లో చనిపోయారు. అంత్యక్రియలకి వెళ్తామని పాలిటెక్నిక్ కుర్రాళ్ళు అనుమతి అడిగారు. ప్రభుత్వం కుదరదంది. ఆ రోజు వాళ్ళు వెళ్ళలేదు. తర్వాత రోజు, బయటికి వెళ్ళడానికి వీలున్న రోజు, అందరూ కలిసి నడుచుకుంటూ పేర్ లాషేజ్ శ్మశానానికి వెళ్ళి సమాధి మీద పూలదండ పెట్టి వచ్చారు. వాళ్ళందరూ మన వయసువాళ్ళే.

1989లో, విప్లవానికి 200 ఏళ్ళు నిండిన సందర్భంగా, ఫ్రాన్స్ ఆయన్ని తమ గొప్పవాళ్ళు నిద్రించే పాంథియోన్‌కి మార్చింది. ఐఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరూ ఉంది. టవర్ ఫోటోలు బోలెడు చూశాను కానీ అక్కడ పేర్లున్నాయని ఇప్పుడే తెలిసింది. మన దేశంలో పుస్తకాలు ఇప్పటికీ ఫస్ట్ యాంగిల్‌లోనే నేర్పుతాయి, అంటే ఫ్రంట్ వ్యూ పైన, టాప్ వ్యూ కింద, మోంజ్ కాగితం మడత విప్పినట్టే. అమెరికా వాళ్ళు తర్వాత తిరగేసుకున్నారు.

సప్లీ వచ్చే నెల. పక్క రూము వాడు రాత్రి భోజనాలయ్యాక వస్తానన్నాడు. ఈసారి పెంటగనట, మూల మీద నిలబెట్టింది. డ్రాఫ్టర్ స్క్రూ వదులైంది, ముందు అది బిగించాలి.